అమెరికా ఎన్నికలు, మా తమ్ముడి ఒట్టు

"అమ్మమ్మా, నాకు ఓటు కార్డొచ్చింది గానీ నేను ఓటెయ్యను. ఎక్కడ చూసినా కొట్టుకోవడమేగా. తాతయ్యా, కోటయ్య తాతయ్యా కూడా ఎక్కడో అమెరికా ఎన్నికల కోసం పోట్లాడుకున్నారంటగా?"

ఎవరు చెప్పారే నీకు? మీ అమ్మేనా? దాని నోట్లో నువ్వుగింజ నానదు. సరే, కూర్చో. ఆ చిక్కుడుకాయల పళ్ళెం ఇటు జరుపు, ఈనెలు తీస్తూ చెబుతా. నువ్వూ తియ్యి. వినేది చెవులేగా, చేతులు ఖాళీయేగా.

నందిగామలో ఉంటావు గనక నీకు తెలీదు గానీ, ఇక్కడ జగ్గయ్యపేటలో మన బజారు బజారంతా నవ్వుకున్నారు. మీ తాతయ్యకీ మా తమ్ముడు కోటయ్యకీ ముందునుంచీ పడదనుకునేవు, కాదు. ప్రాణం ఒకరికొకరు. నా పెళ్ళినాటికి కోటయ్యకి మీసం కూడా సరిగ్గా రాలా. పెళ్ళిపీటల మీద బావ పక్కన చేరి లేస్తే ఒట్టు. పురోహితుడు కసిరితే గూడా లేవలా. అప్పుడు నాకు కట్టిన పట్టుచీర నూట ఎనభయ్యో, రెండొందలో... అది ఇంకా ఉంది బీరువాలో, చూపిస్తాలే. ఏం చెబుతున్నా? ఆఁ. మీ తాతయ్య చేత వత్సవాయిలో పొలం కొనిపించింది కూడా వాడే, వాడి పొలం పక్కనే. ఇద్దరికీ ఒకే సాగర్ కాలవ, దాన్నుంచి పొలాలకొచ్చే పిల్లకాలవ, అదే బోదె, అదీ ఒకటే. నీళ్ళు వదిలితే ఒకడు రెండోవాడి మడికి గూడా పెట్టొచ్చేవాడు.

అట్టాంటి వాళ్ళ మధ్యకి అమెరికా వచ్చిపడింది.

మనింట్లోంచి అక్కడ ఎవరూ లేరు, చూసావా. ఓటు లేదు, రేషను కార్డు లేదు, అక్కడ మనల్ని ఏమేవ్ అని పిలిచే దిక్కు లేదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమని! కానీ ఆ ఏడు ఎవరి ఫోన్లో చూసినా అదే గోల. ఒకటి ఎర్ర పార్టీ, ఒకటి నీలం పార్టీ. పేర్లు నాకు నోరు తిరగవు. టీవీ వాడు అమెరికా పటం వేసి, పిల్లలు రంగులు పూసినట్టు సగం ఎరుపు, సగం నీలం పూసేవాడు.

మీ తాతయ్య ఎర్ర పార్టీ. ఎందుకయ్యా అంటే, అక్కడ కోడిగుడ్ల ధర పెరిగిందంట. "గుడ్డు ధర పెంచినోణ్ణి ఏ దేశంలోనైనా దించేస్తారే" అన్నారు. పోనీ అది ఒక కారణం. మా తమ్ముడు నీలం పార్టీ ఎందుకయ్యాడో తెలుసా? బావ ఎర్ర పార్టీ గనక. అంతే! అంతకుముందు వాడు అమెరికా ఊసెత్తిన పాపాన పోలేదు. బావ ఎరుపన్నాడని తెల్లారేసరికి వీడు నీలం. ఇది గుర్తుపెట్టుకో, మళ్ళీ పనికొస్తుంది.

ఫలితాలొచ్చిన రోజు పొద్దున్నే కోటయ్య వత్సవాయి నుంచి దిగాడు. ఇద్దరూ ఇదుగో ఈ హాల్లోనే టీవీ ముందు కూర్చున్నారు. నేను ఉప్మా చేసి పెడితే ఎవరూ ముట్టుకోలా, గడ్డకట్టి కూర్చుంది. ఎర్ర పార్టీ గెలిచింది. మీ తాతయ్య బజారుకెళ్ళి లడ్లు తెచ్చి బజారంతా పంచారు. పంచితే పంచారు, ఒకటి తీసుకెళ్ళి మా వాడి నోటి దగ్గర పెట్టారు.

వాడికసలే ముక్కు మీద కోపం. "జనం బుద్ధి లేకుండా ఓటేసారు బావా" అన్నాడు. "జనానికి బుద్ధుంది గనకే వేసారురా" అని ఈయన. అక్కడితో ఆగితే బాగుండు. "అసలు నువ్వు ఏ పక్కనుంటే ఆ పక్క ఓడుద్దిరా. నువ్వు నిలబడితే ఏమైంది?" అన్నారు. అన్నారా! మా తమ్ముడు ఎప్పుడో వార్డు మెంబరుగా నిలబడి ఓడిపోయాడు. అప్పట్లో వాడు అన్నం మానేసి పడుకుంటే, ఈయనే వెళ్ళి బతిమాలి తినిపించొచ్చారు. ఆ పుండే మళ్ళీ గెలికారు.

కోటయ్య లేచాడు. చెప్పులేసుకుని గడప అవతల నిలబడి, "మళ్ళీ అక్కడ ఎన్నికలయ్యేదాకా నీ ఇంటి గడప తొక్కను బావా. అక్క మీద ఒట్టు" అన్నాడు.

చూడు వాడి తెలివి! వాళ్ళిద్దరి మధ్యా నేనేం చేసాను? ఎవరి మీద వాళ్ళు ఒట్టేసుకోరు, నా మీద వేసాడు. పైగా అక్కడ మళ్ళీ ఎన్నికలంటే నాలుగేళ్ళు.

వాడలిగితే నాకు బాధెందుకు, రెండ్రోజుల్లో వాడే వస్తాడు అనుకున్నా. కానీ ఒట్టు నా మీద గదా, అది తప్పితే నాకేదో అవుద్దని వాడి భయం. ఫోను చేస్తే ఏడుస్తాడు గానీ రాడు. అక్కడొచ్చింది నాకు ఇబ్బంది. మాఘమాసంలో మీ తాతయ్యకి భీమరథ శాంతి పెట్టుకున్నాం. డెబ్బయ్యో ఏట మొగుడూపెళ్ళాలకి మళ్ళీ పెళ్ళి చేస్తారే, అది. దానికి పుట్టింటివాళ్ళు బట్టలు తెచ్చి పెట్టాలి. నాకు అమ్మా లేదు, నాన్నా లేదు. పుట్టిల్లంటే కోటయ్యే. వాడు రాకుండా, పుట్టింటి చీర కట్టకుండా పీటల మీద ఎట్టా కూర్చోను? ఎదురింటి వాళ్ళ ముందు అది ఎంత చిన్నతనం! ఊరెళ్తే పరుగెత్తుకొచ్చే తమ్ముడు లేక... ఇప్పుడు నవ్వుతున్నా గానీ, అప్పుడు దుప్పటి కప్పుకుని ఏడ్చా.

మీ తాతయ్యతో చెబితే, "ఇంట్లోనే చేస్తాం. గ్రానైటు వేయించిన హాలు పెట్టుకుని బయటెందుకు? వచ్చేవాడొస్తాడు" అన్నారు. వాడు లోపలికి రాడని తెలిసీ!

ఇంతలో వత్సవాయిలో నీటి సంఘం ఎన్నికలొచ్చినయ్యి. కాలవ కింద రైతులంతా కలిసి ఒకణ్ణి ఎన్నుకుంటారు, పూడిక తీయించడం అవీ వాడు చూడాలి. మన పొలాలేమో కాలవ చివర. బోదె నిండా తూడు కలుపు పెరిగి నీళ్ళు మనదాకా రావటల్లా. అందుకని మా తమ్ముడే తిరిగి తిరిగి, చివరి పొలాల సాంబయ్యని నిలబెట్టాడు. అవతలివాడిది నీళ్ళు వదిలే తూము పక్కనే పొలం, వాడికి పూడిక తీయాల్సిన పనేముంది? మీ తాతయ్యా సాంబయ్య పక్షమే. ఆ ఒక్క విషయంలో ఇద్దరిదీ ఒకే మాటన్నమాట. నాకు ప్రాణం లేచొచ్చింది. అక్కడన్నా మాట కలుస్తుందని నేను గూడా ఆటోలో వెళ్ళా, చిల్లకల్లు మీదుగా, కోటయ్యకి ఇష్టమని గారెలు గూడా కట్టుకుని.

బడి ఆవరణలో అందర్నీ కూర్చోబెట్టారు. చీటీలు లేవు, డబ్బా లేదు. చేతులెత్తడమే. ఆఫీసరు లేచి, "సాంబయ్య గారిని బలపరిచేవాళ్ళు చేతులెత్తండి" అన్నాడు. మీ తాతయ్య అందరికన్నా ముందు ఎత్తారు, ఇట్టా, నిటారుగా. మా తమ్ముడి చెయ్యి గూడా లేచింది. నా కళ్ళతో చూసా, భుజం దాకా లేచింది. అప్పుడు ఇటు తిరిగి చూసాడు. బావ చెయ్యి కనపడింది.

అంతే. ఆ లేచిన చెయ్యి మెల్లగా దిగొచ్చి తల గోక్కుంది!

వాడు గోక్కుంటే వాడొక్కడే గాదు గదా. వాడి చెయ్యి చూసి ఎత్తుదామని వెనకాల కూర్చున్న వాళ్ళ బజారు వాళ్ళంతా, కోటయ్య ఏదో ఆలోచన మార్చాడు కాబోలని దించేసారు. సాంబయ్య ఓడిపోయాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, బావ మీద కోపం బోదె మీద చూపించాడు.

సాంబయ్య పరుగెత్తుకొచ్చాడు. "ఏంది బాబాయ్, నన్ను నిలబెట్టింది నువ్వేగా?" అన్నాడు. కోటయ్య నేల చూపులు చూస్తా, "బావ ఎత్తాడుగా..." అన్నాడు. "మీ ఇద్దరి అమెరికా చల్లగుండ, మా బోదె ఎండింది గద బాబాయ్!" అని సాంబయ్య నెత్తి కొట్టుకున్నాడు. బడి బడంతా ఒకటే నవ్వు. ఆఫీసరు గూడా ఫైలు అడ్డం పెట్టుకుని నవ్వాడు.

నాకు నవ్వు రాలా. లేచి వాళ్ళ మధ్య నిలబడ్డా. "ఏరా, నీకు అమెరికాలో ఎకరం ఉందా? ఏవండీ, మీకు అక్కడ కోళ్ళ ఫారం ఉందా? అక్కడి జనం ఎందుకు అట్టా ఓటేసారో చెప్పడానికి ఇద్దరూ గంటలు గంటలు మాట్లాడారే, ఇదుగో ఇందుకే వేసుంటారు! పక్కవాడి చెయ్యి లేచిందని తన చెయ్యి దించుకునుంటారు! ఒక్క మాట చెబుతున్నా. పుట్టింటి బట్టలు రాకపోతే నేను పీటల మీద కూర్చోను. ఆయన ఒక్కరే పెళ్ళి చేసుకుంటారు" అన్నా. గారెల మూట సాంబయ్య చేతిలో పెట్టి ఆటో ఎక్కా. పాపం, గెలవాల్సిన వాడు, గారెలన్నా తిననీ.

అప్పుడనిపించిందే, మా రోజుల్లోనే నయమని. మా అత్తగారు ఓటుకి వెళ్ళేముందు ఫలానా గుర్తు మీద గుద్దమనేది. నేను తలూపేదాన్ని. తెర వెనక్కెళ్ళాక నా ఇష్టమొచ్చిన గుర్తు మీద గుద్దొచ్చేదాన్ని. కాపరానికొచ్చాక నా సొంతంగా చేసిన మొదటి పని అదే. బయటికొచ్చి ఆవిడ చెయ్యే పట్టుకుని ఇంటికొచ్చేదాన్ని, ఇద్దరం నవ్వుకుంటా. పోట్లాటెక్కడిది?

సరే, వారం తిరక్కముందే షామియానా వాడొచ్చి మన వాకిట్లో, బజార్లో కొలతలు తీస్తన్నాడు. "ఏంటండీ ఇది?" అంటే మీ తాతయ్య, "హోమం పొగ హాల్లో నా కళ్ళకి పడదే, బయటే చేద్దాం" అన్నారు, నా మొహం చూడకుండా. ముప్ఫయ్యేళ్ళు చుట్ట కాల్చిన మనిషికి పొగ పడదంట! నాకు అర్థమైంది. వంటింట్లోకెళ్ళి, శాంతి వాకిట్లోనేనంట అని కోటయ్యకి ఫోను చేసా.

ఆరోజు పురోహితుడు పుట్టింటి బట్టలు తెమ్మన్నాడు. నా కళ్ళు బజారు చివర. ఆటో ఆగింది. కోటయ్యా, మరదలూ దిగారు, పళ్ళెంలో బట్టలు, పసుపూ కుంకుమా, కొబ్బరికాయ. షామియానా కింద గడపెక్కడుంది? తిన్నగా పీటల దాకా వచ్చాడు. మీ తాతయ్య వాడు తెచ్చిన పట్టుపంచె మడత విప్పి చూసారు. అంచు నీలం!

"అక్కకి ఎర్ర చీరే తెచ్చా బావా. నీకు మాత్రం ఇదే" అన్నాడు మా వాడు.

కట్టుకున్నారు. పూజ అయ్యేదాకా నీలం అంచు పంచెలో బుద్ధిగా కూర్చున్నారు. మళ్ళీ నా మెళ్ళో సూత్రం కట్టేటప్పుడు చూస్తే, కోటయ్య బావ పక్కనే చేరాడు. పురోహితుడు ఈసారి గూడా కసిరాడు.

బోదె సంగతా? ఓడించిన పాపానికి ఇద్దరూ సాంబయ్యతో పాటు దిగి తూడు పీకారు. మీ తాతయ్యకి నడుం పట్టేస్తే నేనే కాపడం పెట్టా.

ఇదుగో, కానీ ఆ ఒట్టు ఒట్టే. ఇప్పటికీ వాడు గడప దాటి లోపలికి రాడు. వచ్చినప్పుడల్లా ఆ అరుగు మీదే. మీ తాతయ్య గూడా గ్రానైటు హాలు వదిలేసి బయటే కూర్చుంటారు. నేను కాఫీలూ, అన్నాలూ అన్నీ బయటికే మోస్తన్నా. అమెరికాలో మళ్ళీ ఎన్నికలెప్పుడా అని అక్కడివాళ్ళకన్నా ఎక్కువ ఎదురుచూసేదాన్ని నేనే. ఎర్రోళ్ళు గెలవనీ, నీలం వాళ్ళు గెలవనీ, నాకెందుకు? అవి అయిపోతే మా తమ్ముడు లోపలికొచ్చి, పీటేసుకుని, నా వంటింట్లో అన్నం తింటాడు.

నువ్వు మటుకు వెళ్ళి ఓటేసి రా తల్లీ. ఎవరికన్నది నాకు చెప్పొద్దు, మీ అమ్మకసలే చెప్పొద్దు. నీ చెయ్యి ఎప్పుడూ నీ మాటే వినాలి, చల్లగా పదిమందికి పెట్టే చెయ్యి కావాలి. మా వాడికంటే మంచి తమ్ముడు... నీకు ఎటూ తమ్ముడు లేడుగా, పోనీలే, మంచి మొగుడన్నా దొరకాలి.

అదుగో, గేటు చప్పుడైంది. కోటయ్యే అయ్యుంటాడు. లే, వెళ్ళి కుర్చీలెయ్యి. రెండూ బయటే.