ఎలుగుబంటికి బెల్లు కొట్టిన విశ్రాంతమ్మ

ఆదివారం ఆరాధన అయిపోయి, ఏన్కూరులో విశ్రాంతమ్మ ఇంటి వరండాలో చాయ్ గ్లాసులు తిరుగుతున్నాయి. ముప్పై ఏళ్లు ఊరూరా సైకిలు మీద తిరిగి సూదులేసిన నర్సమ్మ ఆమె. రిటైరై, అరవై రెండో ఏట, ఊరికే సరదాకి, ఆ పాత లేడీస్ సైకిలు మీదనే మొన్న రెండొందల కిలోమీటర్ల సవారీ పూర్తి చేసి పతకం తెచ్చుకుంది. ఖమ్మంలో బయల్దేరి పాల్వంచ దాటి వెనక్కి రావాలి; గడువు పదమూడున్నర గంటలు.

ఇప్పుడు మనసు మూడొందల దాని మీద పడింది. అది అడవిలోంచి భద్రాచలం దాకా. అరవై దాటినవాళ్లకు ఇంట్లోవాళ్ల సంతకం కావాలట. ఫారం ఆమె ఒళ్లో ఉంది. సంతకం పెట్టాల్సిన కోడలు హెప్సిబా గుమ్మంలో కూర్చుని బడిపిల్లల పుస్తకాలు దిద్దుతోంది. ఎర్ర సిరా చూస్తే పిల్లలు జడుసుకుంటారని ఆ టీచరమ్మ పెన్సిల్ తప్ప పట్టదు. అత్త ఎంత గట్టిదో కోడలికి తెలిసిరావాలంటే కథ బాగా పండాలి.

"ఏం లేదు, మెల్లగనే పోయిన," అని మొదలుపెట్టింది విశ్రాంతమ్మ. "తల్లాడ కాడ గాలి ఎదురొచ్చింది. తల వంచి నాలుగు తొక్కులు తొక్కిన. గాలే ఎనక్కి మళ్లింది. మిర్చి కల్లాల మీద కప్పిన పట్టాలన్నీ అటు తిరిగి ఎగిరినయ్."

"ఎవరండీ చూసింది?" అంది పక్కింటి సుబ్బరత్నం.

"మిర్చి ఏరేటోళ్లు. ఇగ జూలూరుపాడుల, ఆడిదాకా వచ్చినట్టు కార్డు మీద ముద్ర ఏయించుకోవాలె. ముద్రేసేటాయన ఇంకా పండ్లు తోముతున్నడు. ఇంత జల్దీ వస్తే ఎట్ల సిస్టరమ్మా అన్నడు. సర్లే నాయనా మొఖం కడుక్కోమని, నేను ఇడ్లీ తిని, నలుగురికి బీపీ చూసిన."

"బీపీ మిషన్ కూడా మోసుకెళ్లారా?"

"మిషనెందుకు, చెయ్యి పడితే తెలుస్తది."

"అవ్, సిస్టరమ్మ చేతికి తెలుస్తది," అన్నాడు ఆటో నడిపే భీమ్లా. పొగిడాడో పొడిచాడో అతని మీసానికే తెలియాలి.

"తర్వాత ఏమయిందో ఎరుకేనా? పాల్వంచ దాటి ఎనక్కి మళ్లినంక రోడ్డుకడ్డం ఎలుగుబంటి. రెండు కాళ్ల మీద నిలబడ్డది. నేను బ్రేకేస్తనా? బెల్లు కొట్టిన. పక్కకు జరిగింది. జరిగి ఊకుందా, ఎంబడి పడ్డది. దానెనక ఇంకోటి. నా తొక్కుడు, వాటి ఉరుకుడు, ఎనిమిది కిలోమీటర్లు. ఆఖరికి పెద్దదానికి ఆయాసమొచ్చి కూలబడ్డది. నా మనసొప్పలే. దిగి, ఓఆర్ఎస్ పొట్లం కలిపి తాపిన. అది లేచి నా కారియర్ మీద ఎక్కి కూసున్నది. కొత్తగూడెం కాడ దింపితే ఏడ్సింది."

వరండా అంతా నవ్వు. అదే అదనని విశ్రాంతమ్మ ఫారం తీసి కోడలి ముందు పెట్టింది.

హెప్సిబా నవ్వలేదు. "ఎలుగుబంట్లు తిరిగే రోడ్డు మీదికి మిమ్మల్నెట్ల పంపుత అత్తమ్మా? నేను సంతకం పెట్ట."

విశ్రాంతమ్మకు చాయ్ అడ్డం పడింది. ఈ సంగతి తనకు తట్టనేలేదు.

"రెండు కాదులే బిడ్డా, ఒకటే."

"ఒకటి చాలదా?"

"పిల్లది. కుక్కంత. కుక్కనే అనుకో."

"కుక్క కరిస్తే?"

"కరిచేటిది కాదు. మేక."

"మేక ఎంబడి పడ్డదా?"

"సంచిల అరటిపండ్లున్నయి."

తప్పుల మీద ఎత్తినట్టు పెన్సిల్ ఎత్తింది హెప్సిబా. "గాలి?"

"ఎదురే కొట్టింది. దిగి నడిపించిన."

"ముద్రాయన?"

"నేను పోయేసరికి ముద్రల డబ్బా కట్టేస్తుండె."

"ఖమ్మం ఎప్పుడు చేరిండ్రు?"

విశ్రాంతమ్మ గొంతు చిన్నబోయింది. "అందరికంటే ఎనక. గడువుకు ఇంకో నాలుగు నిమిషాలే ఉన్నయి. అప్పటికే కుర్చీలు మడుస్తుండిరి. నన్ను చూసి మళ్ల ఏసి, కూసోబెట్టి పతకం ఏసిండ్రు. కానీ బిడ్డా, నడుమ ఏ బండీ ఎక్కలే."

భీమ్లా గ్లాసు కింద పెట్టాడు. "రెండొందలు పోతే నా ఆటోకే ఆయాసమొస్తది," అన్నాడు. ఈసారి మీసం కదల్లేదు.

హెప్సిబా ఫారం మోకాలి మీద పెట్టుకుని సంతకం గీసి ఇచ్చింది. విశ్రాంతమ్మ దాన్ని మడిచి బైబిలు సంచిలో దోపింది. నడుం నిటారుగా చేసుకుంది.

"ఇప్పుడు అసలు ముచ్చట వినుండ్రి. మొత్తం మూడు ఎలుగుబంట్లు. ఆ మూడోది..."

"అత్తమ్మా," అంది హెప్సిబా, తలెత్తకుండా ఇంకో పుస్తకం తెరుస్తూ. "నేను సంతకం పెట్టింది పెన్సిల్‌తోని. రబ్బరు గూడ ఈడనే ఉన్నది."

విశ్రాంతమ్మ ఒక గుక్క చాయ్ తాగింది.

"మూడోది గూడ మేకనే," అంది.