ముక్కు మేస్త్రి ఎలక్ట్రిక్ చోక్

ఆగాగు, ఆ వైరు కాయిల్‌కి తగిలించకు తల్లీ. దగ్గరగా ఉంది కదా అని అందరూ అక్కడే తగిలిస్తారు. ఫోన్లో చూశావా? ఫోన్లో చెప్పేవాడికేం పోయింది, వాడి బండి కాదుగా. కాయిల్‌కి వచ్చే కరెంటు ప్లగ్గుల్లో నిప్పురవ్వ కోసం వస్తుంది. అందులో ఈ చోక్ కూడా వాటాకి కూర్చుందనుకో, ఇద్దరికీ అర్ధాకలే. బండి వెక్కిళ్ళు పెడుతుంది. అలా పక్కన పెట్టు దాన్ని. నేను చూపిస్తాగా, నాకేం తొందర, ఇంటికెళ్తే టీవీ ముందు కూర్చోవడమే. ఆ స్టూలు ఇటు లాగు, నా మోకాళ్ళు వంగడం మానేసి రెండేళ్ళయింది. ఈ బానెట్ కింద మొదటిసారి ఎలక్ట్రిక్ చోక్ ఎవరు పెట్టారో తెలుసా నీకు? మీ తాత. నువ్వు చూడలేదులే, నువ్వేంటి, మీ అమ్మ పెళ్ళే చూడలేదు ఆయన. మా బావ. ముక్కు మేస్త్రి అంటే ఈ చుట్టుపక్కల తెలియని బండి లేదు.

ముక్కు పెద్దదని కాదే. పెద్దదే అనుకో, అది వేరే సంగతి. ఆయన బండి సైలెన్సర్ వెనక వంగి ఒక్క పీల్పు పీల్చి చెప్పేసేవాడు, లోపల పెట్రోలు ఎక్కువ పడుతోందా, తక్కువ పడుతోందా అని. ఒకాయన ఉండేవాడు, కలప డిపో ఆయన, "మేస్త్రీ, మైలేజీ రావట్లేదయ్యా" అంటూ వచ్చాడు. బావ వంగాడు, పీల్చాడు, లేచాడు. "కార్బురేటర్‌కి ఏ రోగం లేదు. డ్రైవర్‌కి చెప్పండి, ఆ హ్యాండ్‌బ్రేకు దించి నడపమని." అంతే! ఆ డ్రైవర్ మొహం చూడాలి నువ్వు. అది వాసనలో ఎలా తెలిసిందని అడిగితే బావ నాతో మెల్లిగా, "వాసన కాదురా, వెనక చక్రం పట్టుకుంటే చెయ్యి కాలింది" అన్నాడు. వాళ్ళకి మాత్రం ముక్కు అనే చెప్పుకోనిచ్చాడు. అలాంటి మనిషి.

మా ఇద్దరిదీ ఒకటే షెడ్డు. ఆయనది కార్బురేటర్, నాది కరెంటు పని. మధ్యలో నేల మీద సుద్దముక్కతో గీత. నవ్వకు, నిజంగానే గీత. ప్రతి సోమవారం పొద్దున్నే ఆయనే మళ్ళీ దిద్దేవాడు. కార్బురేటర్ మీద నా చెయ్యి పడకూడదు, వైరు మీద ఆయన చెయ్యి పడకూడదు. నేను పొరపాటున ఆయన స్క్రూడ్రైవర్ ముట్టుకుంటే, "బావమరిదీ, సరిహద్దు" అనేవాడు. ఎలక్ట్రిక్ చోక్ పేరెత్తితే చాలు ఆయనకి ఎక్కడ లేని కోపం. నీకు తెలుసుగా చోక్ ఎందుకో? తెలియదా, తెలియకుండానే స్క్రూలు విప్పేశావా! పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉంటుంది. అప్పుడు దానికి గాలి తక్కువ, పెట్రోలు ఎక్కువ కావాలి. ఇదిగో, కార్బురేటర్ నోట్లో ఈ రేకు ఉంది చూడు, ఇది మూస్తే గాలి తగ్గుతుంది. పాతరోజుల్లో స్టీరింగ్ పక్కన ఒక గుండీ, అది లాగితే రేకు మూసుకునేది, ఇంజిన్ వేడెక్కేకొద్దీ మెల్లిమెల్లిగా లోపలికి నొక్కాలి. ఈ ఎలక్ట్రిక్‌ది అయితే లాగే పని లేదు. ఈ నల్ల డబ్బీలో స్ప్రింగు ఉంటుంది, కరెంటు తగిలితే వేడెక్కి రేకుని అదే తెరుస్తుంది. అంతే దీని బ్రహ్మవిద్య. బావ మాత్రం, "చోక్ అంటే మనిషి చెయ్యి ఉండాలిరా. గడియారం చూసి పసిపిల్లకి పాలు పడతామా, ఏడుపు విని పడతాం గానీ" అనేవాడు. ఆ డబ్బీ బిగించి ఉన్న బండి వస్తే, పీకేసి గుండీ పెట్టి పంపేవాడు.

ఇక ఈ బండి సంగతి. ఇది మీ అమ్మమ్మది, అంటే మా అక్కది. లెక్కల టీచరు కదా, బడి పన్నెండు కిలోమీటర్లు. చలికాలం రోజూ పొద్దున్న బావ ముందు లేచి, మఫ్లర్ చుట్టుకుని, చోక్ లాగి, బండి స్టార్ట్ చేసి, వేడెక్కించి పెట్టేవాడు. అక్క వచ్చి కూర్చుని వెళ్ళిపోవడమే. ఇరవై ఏళ్ళు! ఒక్క పూట మానలేదు. వాళ్ళిద్దరూ మాట్లాడుకోని రోజుల్లో కూడా, ఎందుకు మాట్లాడుకోలేదని అడక్కు, ఏదో పరదా రంగు గొడవ, ఆ వారం రోజులూ కూడా బండి మాత్రం వేడిగా ఉండేది. నేర్పుదామని చూశాడు ఒకసారి. నేను అక్కడే ఉన్నా. "ఇదిగో, ఇలా లాగు. ఇప్పుడు కొంచెం లోపలికి నొక్కు." "కొంచెం అంటే ఎంత?" "కొంచెం అంటే కొంచెమే." "అంగుళమా, అరంగుళమా?" "వింటే తెలుస్తుంది." "నాకు తెలియట్లేదు కాబట్టే అడుగుతున్నా, కొలత చెప్పండి." "కొలత లేదే, చెవి ఉంది!" అంతే, ఆవిడ దిగి తలుపు వేసింది చూడు, అద్దం పగలనందుకు సంతోషించాలి. మర్నాడు పంతం కొద్దీ తనే లాగింది, పెట్రోలు ఎక్కువైపోయి ప్లగ్గులన్నీ తడిసి ముద్దయ్యాయి. ఆ తర్వాత ఇద్దరూ ఆ ఊసెత్తలేదు. ఆయన స్టార్ట్ చేస్తాడు, ఆవిడ నడుపుతుంది. సంసారం అంటే అదేలే.

ఏం చెప్తున్నా... ఆ. ఒక రోజు మధ్యాహ్నం షెడ్డులో భోజనాలయ్యాక, బావ సంచీలోంచి అట్టపెట్టె తీసి గీత దాటి నా బల్ల మీద పెట్టాడు. విప్పితే ఎలక్ట్రిక్ చోక్! నేను ఊరుకుంటానా? "ఏం బావా, పసిపిల్లకి గడియారం కొన్నావా?" అని మొదలుపెట్టా. పక్క షెడ్డు టింకరింగ్ ఆయన్ని కేకేసి పిలిచి మరీ చూపించా. పది నిమిషాలు ఏడిపించా మనిషిని. ఆయన నవ్వలేదు, కసరలేదు. టింకరింగ్ ఆయన వెళ్ళాక అన్నాడు, "వచ్చే చలికాలం బండి ఎవరు స్టార్ట్ చేస్తార్రా మీ అక్కకి?" అని. నాకు అర్థం కాలేదు. "నువ్వెక్కడికి పోతున్నావ్?" అన్నా. ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాడట, ఒక్కడే, నాతో కూడా చెప్పకుండా. దగ్గు అప్పటికి మూడు నెలలుగా ఉంది. అక్కతో మాత్రం, దుమ్ము పడట్లేదని డాక్టరు అన్నాడని చెప్పాడట. "ఈ చలికాలం గట్టెక్కితే గొప్పే అన్నాడు డాక్టరు. మీ అక్కకి చెప్పావో, చచ్చినా నీ మొహం చూడను" అన్నాడు. అంత మాట అంటూ కూడా ఆయన ఆ అట్టపెట్టె మూత సరిగ్గా మూయాలని చూస్తున్నాడమ్మా. నేను ఆ పది నిమిషాలు ఆడిన మాటలకి నా నాలుక కోసేసుకోవాలనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ ఆదివారం ఇద్దరం ఇదే వాకిట్లో, ఈ బానెట్ కిందే. ఆయనవి రెండు చేతులు, నావి రెండు, మొదటిసారి ఒకే చోట. ఆయన ఈ డబ్బీ మూడు స్క్రూలూ వదులు చేసి, ఇలా తిప్పుతూ, చల్లటి ఇంజిన్ మీద రేకు సరిగ్గా వాలి మూసుకునే చోట ఆపి బిగించాడు. తాళం తిప్పితే కరెంటు వచ్చే ఫ్యూజు దగ్గర్నుంచి నేను వైరు లాగి దీనికి తగిలించా. మర్నాడు పొద్దున్నే ఆయన తాళం తిప్పాడు, టక్కున అందుకుంది. ముందు ఇంజిన్ గట్టిగా ఆడి, మూడు నిమిషాల్లో దానంతట అదే నెమ్మదించింది. మా బావ మొహం చూడాలి, నచ్చింది గానీ ఒప్పుకోడు. "పర్లేదు, బుద్ధిమంతురాలే" అన్నాడు. ఆపేసి, ఇంజిన్ చల్లారాక అక్కని పిలిచాడు, నువ్వు స్టార్ట్ చెయ్యి అని. మీ అమ్మమ్మ కూర్చుంది, కాసేపటికి స్టార్ట్ చెయ్యబోయింది. కుయ్ కుయ్ కుయ్. అందుకోలేదు. మళ్ళీ. ఊహూఁ. మంగళవారం కూడా అంతే. బావ కూర్చుంటే ఒక్క తిప్పుకి అందుకునే బండి, ఆవిడ కూర్చుంటే మొండికేస్తుంది. "నా చేతిలో ఏదీ పని చెయ్యదులెండి" అని సంచీ భుజాన వేసుకుని బస్సుకి వెళ్ళిపోయింది. ఆయన మెట్టు మీద కూర్చుండిపోయాడు. నేను వైర్లన్నీ మూడుసార్లు చూశా. అన్నీ బాగానే ఉన్నాయి. "నాకు టైము లేదురా" అన్నాడు, ఆ ఒక్క మాటే.

బుధవారం ఆయన వంటింటి కిటికీ దగ్గర కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడి, అక్కకి తెలియకుండా చూశాడు. నన్నూ పక్కన నిలబెట్టాడు. అక్క ఎక్కింది. తాళం సగం తిప్పింది. అక్కడ ఆగింది. డాష్‌బోర్డు వైపు చూస్తోంది, పెట్రోలు ముల్లు లేచేదాకా. ఆ తర్వాత కళ్ళజోడు మార్చింది. అద్దం సర్దుకుంది. సంచీలోంచి ఏదో కాగితం తీసి చదివింది, మళ్ళీ పెట్టింది. కిటికీ దించింది. అప్పుడు స్టార్ట్ చెయ్యబోయింది. మళ్ళీ కుయ్ కుయ్. బావ గ్లాసు కింద పెట్టేసి నా భుజం మీద ఒక్కటి వేశాడు, ఇప్పటికీ నొప్పే. "నాలుగు నిమిషాలురా! తాళం తిప్పగానే నీ కరెంటు పోయి చోక్‌ని వేడి చేసేస్తోంది. ఇంజినేమో చల్లగానే ఉంది, రేకేమో తెరుచుకుపోయింది. ఇంకెలా అందుకుంటుంది?" ఆ ముల్లు చూడటం ఎవరు నేర్పారనుకున్నావ్? ఈయనే! ఒకసారి పెట్రోలు లేక అక్క సగం దారిలో ఆగిపోతే, ముల్లు లేచేదాకా చూసి గానీ స్టార్ట్ చెయ్యకు అని ఒట్టు వేయించుకున్నాడు. సాయంత్రాలు బడి దగ్గర రోజూ అలాగే చేసేది, పగటి ఎండకి ఇంజిన్ వెచ్చగానే ఉండి చోక్‌తో పని లేదు కాబట్టి అందుకునేది. పొద్దున్నపూట ఆవిడ స్టార్ట్ చేస్తే కదా ఎవరికైనా తెలిసేది!

నేనన్నా, "ఇంత దానికి ఏముంది బావా, తాళం తిప్పగానే స్టార్ట్ చెయ్యమని అక్కకి చెప్తా" అని. వద్దన్నాడు. ఏమన్నాడో నాకు అక్షరం అక్షరం గుర్తు. "చెప్తే వింటుంది. నాలుగు రోజులు గుర్తుంటుంది. నేను లేని రోజు దాని మనసు ఎక్కడుంటుందో. అప్పుడు చెయ్యి పాత అలవాటు చొప్పునే పోతుంది. బండి స్టార్ట్ కాదు, ఈ వాకిట్లో ఒక్కతీ కూర్చుని ఏడుస్తుంది. అలవాటు దాన్ని మార్చుకోమనకు, నీ వైరు మార్చు." మీ అమ్మమ్మ మీద ఆయన ప్రేమ సంగతి నాకు అంతకు ముందు తెలియదని కాదు, కానీ ఆ రోజు తెలిసినట్టు ఎప్పుడూ తెలియలేదు. అందుకే చెప్తున్నా, వైరు ఇదిగో ఇక్కడ్నుంచి తియ్యాలి, ఆల్టర్నేటర్ దగ్గర్నుంచి. ఇంజిన్ తిరిగితేనే ఇక్కడ కరెంటు పుడుతుంది. మధ్యలో ఒక రిలే పెడితే చాలు, అది ఇక్కడ కరెంటు పుడితేనే కలిసే స్విచ్చు. తాళం తిప్పి నువ్వు పత్రిక మొత్తం చదువుకో, చోక్ కదలదు. ఇంజిన్ అందుకున్నాకే వేడెక్కడం మొదలవుతుంది. ఆ మధ్యాహ్నమే మార్చేశా.

గురువారం పొద్దున్న ఆయన బయటికి రాలేదు. కావాలనే. ముందు గదిలో పడక కుర్చీలో కూర్చున్నాడు, నన్నూ కదలొద్దన్నాడు. తలుపు చప్పుడు, తాళం చప్పుడు. ఇక ఏమీ లేదు. ముల్లు, కళ్ళజోడు, అద్దం, కాగితం, అన్నీ ఆయన వేళ్ళ మీద లెక్కపెడుతున్నాడు. కిటికీ దించిన చప్పుడు వినపడింది. నా చెయ్యి పట్టుకున్నాడు. ఒక్కటంటే ఒక్కటే తిప్పు. అందుకుంది! ఆయన కళ్ళు మూసుకున్నాడు. బండి గట్టిగా ఆడుతోంది, ఇక గేరు వేసి వెళ్ళిపోతుంది అనుకున్నాం. వెళ్ళలేదు. తలుపు తీసిన చప్పుడు. మీ అమ్మమ్మ లోపలికి వచ్చింది, చెప్పులు కూడా విప్పకుండా, తిన్నగా కుర్చీ ముందుకి. బయట ఇంజిన్ ఆడుతూనే ఉంది. "స్టార్ట్ అయింది. నన్ను స్టార్ట్ చేసుకోమని వదిలేశారు, అది కూడా ఎలక్ట్రిక్ చోక్ పెట్టి, మీరు. ఇక దుమ్ము కబుర్లు చాలు. డాక్టరు ఏమన్నాడో చెప్పండి" అంది.

నేను ఇంకక్కడ ఉండలేక బయటికి వచ్చేశా. బండి దగ్గర నిలబడ్డా. చూస్తుండగానే దానంతట అదే మెల్లిగా తగ్గింది శబ్దం, ఎవరూ ముట్టుకోకుండానే. అక్క ఆ రోజు బడికి వెళ్ళదని తెలిసిపోయింది కదా, పెట్రోలు దండగ ఎందుకని తాళం మీద చెయ్యి వేశా. లోపల్నుంచి బావ కేకేశాడు, దగ్గులోనే, "ఆపకురా! ఉండనీ కాసేపు" అని.

...

ఆ పొట్టి స్క్రూడ్రైవర్ ఇటివ్వు. అది కాదు, ఎర్ర పిడిది.