మింగేసిన చరణం

పాటల పోటీ అయిపోయి హాలు ఖాళీ అయింది. పియానో దగ్గర కాగితాలు సర్దుకుంటున్న అమ్మాయి దగ్గరికి న్యాయనిర్ణేతల్లో పెద్దావిడ వచ్చింది.

"ఆ చివరి అబ్బాయి రెండో చరణం మింగేశాడు కదూ?"

అమ్మాయి చేతిలో కాగితాలు పక్కన పెట్టేసింది. "లేదండీ, నేనే తొందరపడి మూడోదానికి వెళ్ళిపోయాను. అతని మార్కులు తగ్గించకండి."

"అబద్ధాలు నీకు అచ్చిరావమ్మా. అతను నోరు తెరిచేసరికే నువ్వు మూడోదాంట్లో ఉన్నావు. ఎలా తెలిసింది?"

"ఊపిరిని బట్టండీ. మూడోదానికైతే గుండెనిండా పీలుస్తాడు."

"ఎవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదండీ. ఒంటరిగా వాయించే పరీక్ష రెండుసార్లు తప్పాక, మా మాస్టారు పాడేవాళ్ళకి వాయించమన్నారు. అమ్మయితే, 'ఇన్నేళ్ళు నేర్చుకుని పక్కవాద్యమా?' అని ఒకటే బాధ."

"మరి నీకు?"

"ఒక్కదాన్నే కూర్చుంటే చేతులు వణుకుతాయండీ. పక్కన ఒకరుంటే, వాళ్ళు తడబడకుండా చూసుకోవడంలో నా భయం గుర్తే రాదు."

పెద్దావిడ ఒక కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

"నా జుట్టు నెరిసింది పాడేవాళ్ళకి వాయించే ఈ పనిలోనే. వచ్చే నెల మానేస్తున్నాను. మా సంగీత కళాశాలలో నా చోటికి మనిషి కావాలి. చేస్తావా?"

"పరీక్ష తప్పినదాన్నండీ."

"నేనూ తప్పాను. సోమవారం వచ్చెయ్యి. అక్కడి పియానో స్టూలు నాకు తగ్గట్టు పొట్టిగా ఉంటుంది, నీ ఎత్తుకి పెంచాలి."

"రేపే వచ్చి పెంచుకోనా అండీ?"