చేతి తూకాన్ని నమ్మిన అధికారిణి

శ్రీమతి కృపారాణి గారు 1984వ సంవత్సరం నవంబరు పన్నెండవ తేదీ, సోమవారం ఉదయం, బొబ్బిలి ప్రాంతంలో అంగన్‌వాడీ సూపర్‌వైజరుగా ఉద్యోగంలో చేరారు. ముప్పై మూడు సంవత్సరాల తొమ్మిది నెలల అవిచ్ఛిన్న సేవానంతరం, ఈ ఆగస్టు ముప్పై ఒకటవ తేదీ, శుక్రవారం సాయంత్రం, మా ప్రాజెక్టు శిశు అభివృద్ధి పథకం అధికారిణిగా పదవీ విరమణ చేస్తున్నారు. ఈ శుభసందర్భాన వెలువడుతున్న సంచికలో వారిని గురించి రాసే భాగ్యం నాకు దక్కింది. భాగ్యం అన్నాను గాని, మా సీనియర్ అసిస్టెంట్ జగన్నాధం గారు "మీరైతే తేదీలు తప్పు రాయరండీ" అని ఈ పని నా నెత్తిన పెట్టారన్నది అసలు సంగతి. తేదీలు తప్పు రాయను, నిజమే. కానీ ఆరేడేళ్ళ కిందట స్వదస్తూరీతో ఇంకో తప్పు రాశాను. దాన్ని దాచిపెట్టి మేడమ్ గారిని పొగడటం నా వల్ల కాదు గనుక, వారి ఉద్యోగ ప్రస్థానంతో పాటు ఆ సంగతి కూడా ఇక్కడే చెప్పుకుంటాను.

బొబ్బిలిలో బాప్టిస్టు మిషన్ బడి ఉపాధ్యాయుల ఇంట జన్మించిన కృపారాణి గారికి ఓర్పు, నడక, పాట ఈ మూడూ ఇంటి నుంచి సంక్రమించినవే. ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో వారి పరిధిలోని కేంద్రాలకు ఆట వస్తువులు మంజూరు కాలేదు. అందరూ అర్జీలు పెట్టుకుని ఎదురుచూస్తున్న కాలంలో, వీరు వీణలు చేసే వారి ఇళ్ళకు వెళ్ళి, చెక్కగా మిగిలిన పనసకర్ర ముక్కలు అడిగి, వాటిని వారి చేతనే నున్నగా తీయించి పిల్లలకు ఆటబిళ్ళలుగా పంచారు. ఆ చేతివృత్తుల వారిలో ఇద్దరు, ఎవరూ పిలవకుండానే, వారానికొకసారి కేంద్రానికి వచ్చి పిల్లలకు తీగ మీటి వినిపించేవారట. మంజూరైన ఆట వస్తువులు నాలుగేళ్ళ తరువాత వచ్చాయి. అవి ఆరు నెలల్లో విరిగిపోయాయని, పనసకర్ర బిళ్ళలు మాత్రం తాను బదిలీ అయ్యేనాటికీ ఉన్నాయని మేడమ్ గారు చెబుతూ నవ్వేవారు.

తరువాత విజయనగరంలో పదకొండేళ్ళు అంగన్‌వాడీ కార్యకర్తలకు శిక్షకురాలిగా పనిచేశారు. 2007లో అధికారిణిగా పదోన్నతి పొంది, 2011 జూన్ నెలలో మా ప్రాజెక్టుకు వచ్చారు. వచ్చిన వారంలోనే సూపర్‌వైజర్లందరికీ తలా ఒక గీతల పుస్తకం ఇచ్చి, ప్రతి ఊళ్ళో ఎవరికి ఏ పని వచ్చు, ఎవరి దగ్గర ఏముంది, ఎవరి మాట నలుగురు వింటారు అన్నది రాసి తెమ్మన్నారు. అప్పటికే మా చేతుల్లో ఇరవై రకాల రిజిస్టర్లు ఉన్నాయి. ఇదొక ఇరవై ఒకటోదని అందరం లోలోపల విసుక్కున్నాం. ఒక ఊరి పేజీలో నేను "కొబ్బరిచెట్లు, నలభై" అని ఒక్క ముక్క రాసి అప్పగించాను. మేడమ్ గారు దాన్ని శ్రద్ధగా చదివి, "చెట్లు ఎక్కేవాళ్ళెవరో కూడా కనుక్కో పద్మకుమారీ" అన్నారు. ఒళ్ళు మండింది. పైకి "సరే మేడమ్" అన్నాను.

ఇక నా తప్పు. నౌపడ ఉప్పు మళ్ళు దాటాక, సముద్రం ఒడ్డున, ఎనభై గడపల మత్స్యకారుల పేట ఒకటి నా పరిధిలో ఉండేది, గుల్లపేట అని. అక్కడి కేంద్రానికి పిల్లలు ఏడెనిమిది మందికి మించి వచ్చేవారు కాదు. నెలనెలా పిల్లల బరువు తూచి రాయవలసిన రిజిస్టరు ఖాళీ. కార్యకర్త అనూరాధ స్ప్రింగు కాటా దూలానికి కట్టి, దాని కొక్కేనికి గుడ్డ సంచి తగిలించి తల్లుల్ని పిలిస్తే, ఒక్కరూ బిడ్డను అందులో పెట్టనిచ్చేవారు కాదు. నేను స్వయంగా వెళ్ళి నచ్చజెప్పబోతే, దాలమ్మ అనే తల్లి నెలల పిల్లను పొట్టకు అదుముకుని నన్ను నిలదీసింది.

"కొక్కేనికి యేలాడేది సచ్చిన సేపమ్మా. బతికున్న గుంటని యేలాడదీత్తారేటి? మీ బిడ్డనైతే తగిలిత్తారేటి సెప్పండి."

మరునాడే నేను పై ఆఫీసుకు పంపడానికి నివేదిక తయారు చేశాను. హాజరు లేదు, తూకం లేదు, అక్షరాస్యత లేదు, సహకారం లేదు అంటూ పదకొండు అంశాలు. ఈ కేంద్రాన్ని ఎత్తివేసి, ఉప్పుటేరు అవతలి ఊరి కేంద్రంలో కలిపేయాలని సిఫారసు. ఆ ఏరు దాటి మూడేళ్ళ పిల్లలు నడిచి వెళ్ళలేరని నాకు తెలియక కాదు, రాస్తున్నప్పుడు ఆ మాట నా పెన్నుకు అడ్డం రాలేదు. తెల్లవారకముందే చేపల తట్టలు ఎత్తుకుని వెళ్ళే దాలమ్మ వంటి తల్లుల పిల్లలకు ఆ ఒక్క పూట తిండి, ఆ ఒక్క నీడ కూడా పోతాయన్నదీ తట్టలేదు. ఆ సంతకం నాది. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

మేడమ్ గారు నివేదికను రెండుసార్లు చదివారు.

"ఈ పేటలో లేనివన్నీ చక్కగా రాశావు. ఉన్నవి రాయలేదే?"

"ఇసక తప్ప ఏముంది మేడమ్ అక్కడ?" అన్నాను.

"నాకూ తెలీదు. పద, అడుగుదాం."

మేమిద్దరం వెళ్ళేసరికి పడవలు ఒడ్డుకు చేరి చేపల వేలంపాట నడుస్తోంది. బుల్లమ్మ అనే అరవై ఏళ్ళ మనిషి ఒక్కో కోనాం చేపను రెండు చేతులతో ఎత్తి "మూడున్నర," "నాలుగుంపావు" అని కేకేస్తోంది. వ్యాపారి కాటా పెట్టి చూస్తే అంతే ఉంటోంది. మేడమ్ గారు చీర కుచ్చిళ్ళు ఎగదోపి ఆమె పక్కన ఇసకలో కూర్చున్నారు.

"ఇదెలా నేర్చుకున్నావమ్మా?"

"నేర్సుకోడవేటమ్మా? నలభై యేళ్ళ నుండీ మోత్తన్నాను. సేతికి తెలిసిపోతాది."

"పిల్లల్ని ఎత్తినా తెలుస్తుందా?"

బుల్లమ్మ పగలబడి నవ్వింది. "ఈ పేటలో సగంమందిని పుట్టీపుట్టగానే ఎత్తుకున్నది నానేనమ్మా! తెలవకేటి?"

మేడమ్ గారు నా చేతిలోని గీతల పుస్తకం అందుకుని, గుల్లపేట పేజీలో తమ కోడిగీతల దస్తూరీతో ఆ మాట రాశారు. తరువాత, మార్చి నెలాఖరులోగా పిల్లల తూకాలు, పెరుగుదల చూపిస్తామని, అంతవరకు నా నివేదికను బల్ల సొరుగులో ఉంచుతానని పై ఆఫీసుకు తెలియజేశారు. జాప్యానికి సంజాయిషీ కోరుతూ మెమో వచ్చింది. దానికి జవాబు రాసేటప్పుడు వారి ముఖంలో దిగులు చూశాను.

జనవరి తూకం రోజున బుల్లమ్మ కేంద్రానికి వచ్చింది. రాగానే కాటా కొక్కేనికి తన పాత చీర ముక్క చుట్టి, ఉయ్యాలలా కట్టింది. "ఇప్పుడు సూడండి, ఇది ఉయ్యాలే గదా," అని తల్లుల వంక చూసింది. ముందు తాను ఎత్తుకుని బరువు చెప్పడం, తరువాత బిడ్డను ఉయ్యాలలో ఉంచి చూడటం. బుల్లమ్మ గెలుస్తుందా, కాటా గెలుస్తుందా అని పేట పేటంతా వచ్చింది. చీర ముక్క బరువు నూట యాభై గ్రాములు తీసివేయాలని నేను పట్టుబట్టాను. ఆ గొడవలో నేనూ నవ్వాను. ముప్పై ఎనిమిది మంది పిల్లల్లో ముప్పై ఒక్కమందిని ఆ రోజు తూచాం. ఫిబ్రవరికి అందరూ వచ్చారు. తెల్లవారుజామున తల్లులు వెళ్ళిపోతే కేంద్రం తెరిచేవరకు పిల్లల్ని వరండాలో చూసుకోవడానికి ముగ్గురు అవ్వలు ముందుకొచ్చారు. వాళ్ళను అడగాలన్న ఆలోచన కూడా మేడమ్ గారిదే.

మార్చి తూకం గడువుకు రెండు రోజుల ముందు పడింది. ఆ రోజు తొలుత తూచిన పిల్లలందరూ ఒక్కసారిగా పెరిగారు. నేను మురిసిపోతూ అంకెలు వేస్తున్నాను. ఈ అంకెలతో కేంద్రం నిలబడిపోతుందని, నా పాత నివేదిక మరుగున పడుతుందని లోపల ఎంత నెమ్మదిగా ఉందో! బుల్లమ్మ లెక్క మాత్రం ప్రతి బిడ్డకూ పావు కిలో తక్కువ వస్తోంది.

"ఏమ్మా, వయసు మీద పడి చెయ్యి తప్పుతోందా?" అని ఆట పట్టించాను. ఆమె నవ్వలేదు.

దాలమ్మ కూతురు నూకరత్నం వంతు వచ్చింది. పదకొండు నెలల పిల్ల. కాటా పోయిన నెల లాగే ఏడు కిలోల రెండువందలు చూపించింది. బుల్లమ్మ పిల్లను తిరిగి ఎత్తుకుంది, దించింది, మళ్ళీ ఎత్తుకుంది.

"ఈ గుంట తగ్గిపోనాది. పావు కేజీ తగ్గిపోనాది. నా సెయ్యి అబద్దమాడదమ్మా, మీ కాటాయే అబద్దమాడతన్నాది."

దాలమ్మ ముఖం పాలిపోయింది. నేను కాటా పక్షం వహించాను. గోడకు ఆనుకుని కూర్చున్న మేడమ్ గారు లేచి, సీలు విప్పని రెండున్నర కిలోల పౌష్టికాహారం పొట్లం తెప్పించి, చీర ముక్క తీసేసి, కొక్కేనికి తగిలించారు. ముల్లు రెండు ముప్పావు దగ్గర ఆగింది. ఉప్పు గాలికి స్ప్రింగు సాగిపోయింది.

"మేడమ్, ఎల్లుండే గడువు. అసలు అంకెలు వేస్తే పెరుగుదల ఏమంత కనపడదు. కేంద్రం పోతుంది" అన్నాను. మూసేయమని రాసిన నేనే ఆ మాట అన్నాను!

"ఆ అంకెలు కొట్టెయ్ పద్మా. రేపు వేరే కాటాతో మళ్ళీ తూద్దాం. ముందు ఈ పిల్లని జీపెక్కించు."

పెద్దాసుపత్రిలో నూకరత్నానికి ఊపిరితిత్తుల జబ్బు మొదలైందని తేల్చారు. ఇంకొక నెల ఆలస్యమై ఉంటే చెప్పలేమని డాక్టరు గారన్నారు. ఆరు నెలల మందు. దాలమ్మ ఒక్కరోజు తప్పకుండా వేసింది. మేడమ్ గారు సరిదిద్దిన అంకెలు, కాటా చెడిన సంగతి, బుల్లమ్మ చెప్పిన మాట, అన్నీ ఉన్నవున్నట్టు రాసి పంపారు. కాటాను సరిచూసుకోనందుకు ఇంకో మెమో వచ్చింది. గుల్లపేట కేంద్రాన్ని కొనసాగించమన్న ఉత్తరువు మూడు వారాల తరువాత వచ్చింది. జగన్నాధం గారు ఆ రెండు కాగితాలనూ ఒకే ఫైలులో కుట్టారు. నేనా ఫైలును తీసి అప్పుడప్పుడు చూసుకుంటాను.

అటుపిమ్మట నా గీతల పుస్తకాలు నిండటం మొదలైంది. 2013 అక్టోబరు తుఫానులో మూడువందల మందికి ఒకేసారి వండగలవారెవరు, పసిబిడ్డల తల్లులకు ఇల్లు విడిచిపెట్టగలవారెవరు అన్నది వెతుక్కునే పని లేకపోయింది, ఆ పుస్తకాలలో పేర్లున్నాయి. ఈ పద్ధతిని మేడమ్ గారు ఏ సమావేశంలోనూ తమదిగా చెప్పుకోలేదు. వారి లోపాలు చెప్పమంటే జగన్నాధం గారు సిద్ధంగా ఉన్నారు: దస్తూరీ ఎవరికీ అర్థం కాదు, ఫైళ్ళు ఇంటికి పట్టుకెళ్ళి టిఫిను డబ్బాతో సహా మరిచిపోతారు. ఆ డబ్బాలను తిరిగి మోసుకొచ్చిన వారి భర్త డేవిడ్‌రాజు గారికి, అమ్మ ఎప్పుడూ ఎవరింటి పిల్లల దగ్గరో ఉంటుందని అలిగి అలిగి, చివరికి తానూ నర్సు అయిన కుమార్తె దీవెనకు మా కార్యాలయం తరఫున కృతజ్ఞతలు.

పోయిన గురువారం బుల్లమ్మ కర్ర పట్టుకుని మా ఆఫీసుకు వచ్చింది. వెంట దాలమ్మ, రెండో తరగతి చదువుతున్న నూకరత్నం ఉన్నారు. సన్మానానికి ఇంకా వారం ఉందని నేను చెప్పబోతుంటే వినిపించుకోకుండా లోపలికి వెళ్ళి, కర్ర గోడకు ఆనించి, కుర్చీలోంచి లేచిన మేడమ్ గారి నడుము చుట్టూ రెండు చేతులూ వేసి, నేల నుంచి కాస్త పైకి లేపింది. మేమందరం కంగారుపడ్డాం.

"ఏటమ్మా, తగ్గిపోనావు. నాలుగు కేజీలు తగ్గిపోనావు. మా గుంటలందర్నీ సూసినావు, నిన్ను సూసినోళ్ళు నేరా ఈ ఆఫీసులో?"

మేడమ్ గారు నవ్వబోయి కళ్ళు తుడుచుకున్నారు. కొత్తగా వచ్చిన ఎలక్ట్రానిక్ కాటా మీద ఎక్కించి, పోయిన ఏడాది ఆరోగ్య శిబిరం కాగితంతో పోల్చి చూశాను. మూడు కిలోల ఎనిమిదివందలు తగ్గారు. ఆ సంగతి మేం ఎవ్వరం గమనించలేదు. ఈసారి నేను కాటా పక్షం వహించలేదు. రెండువందల గ్రాములు బుల్లమ్మకే వదిలేశాను.

"ఇంటికెల్లి తిను. కడుపు నిండా తిను. మూడు నెల్లకోపాలి వచ్చి ఎత్తి సూత్తాను" అని ఆమె తేల్చి చెప్పి వెళ్ళింది.

కాబట్టి, పూజ్యులైన కృపారాణి మేడమ్ గారూ, మీ విశ్రాంత జీవితానికి మేము కోరదగిన శుభాకాంక్షను మాకంటే ముందే ఒకరు కోరేశారు. మీరు ఆయురారోగ్యాలతో, మీవారితో, మీ పాటలతో నిండు నూరేళ్ళు వర్ధిల్లాలి. బుల్లమ్మ వచ్చిన ప్రతిసారీ ఆమె చేతులకు మీరు ఇంకాస్త బరువుగా తగలాలి. మీరు ఇచ్చిన గీతల పుస్తకంలో గుల్లపేట పేజీ కింద ఇంకా రెండు గీతలు ఖాళీగా ఉన్నాయి. నవంబరు తూకం అక్కడ రాస్తాను, తప్పు లేకుండా.

— పద్మకుమారి, సూపర్‌వైజరు