నలుగురు కల్నల్లూ ఒక పేకకట్టా

బెర్లిన్‌లో గోడకి ఇవతలి పక్క, హెడ్విగ్ బీరుకొట్టులో కిటికీ దగ్గరి బల్ల చుట్టూ నాలుగు కుర్చీలుంటాయి. గురువారం సాయంత్రాలు అక్కడ పేక వేసుకుని స్కాట్ ఆడతాం. నేను, లోథార్, కొట్టు యజమానురాలు హెడ్విగ్. నాలుగో కుర్చీ హెడ్విగ్ అన్న ఆల్విన్‌ది. ఆయన ఇల్లు వీధికి అవతలి వరసలోనే ఉండేది, చెప్పుల్లోనే వచ్చి ఆడి వెళ్ళేవాడు. కిందటి ఆగస్టులో రాత్రికి రాత్రే ముళ్ళకంచె వేశారు. తర్వాత అది గోడయింది. ఆ వరస ఇళ్ళ కిటికీలన్నీ ఇటుకలు పెట్టి మూసేసి, ఆల్విన్‌ని గోడకి అవతల ఎక్కడికో తరలించారు. అప్పట్నుంచి ఆ కుర్చీలో హెడ్విగ్ ఒక్క మనిషిని కూర్చోనివ్వలేదు. తెలీక ఒకాయన కోటు తగిలిస్తే ఆ కోటు వీధిలో దొరికింది.

వాల్డెమార్ కళ్ళు మాత్రం ఎప్పుడూ ఆ కుర్చీ మీదే. అతను గదులు వెచ్చబెట్టే పింగాణీ పలకల పొయ్యిలు కట్టే మేస్త్రీ, మొన్న చలికాలంలోనే మా వీధికి మకాం మార్చాడు. పెళ్ళాం లేదు, పిల్లల్లేరు, నోరు మాత్రం ఇంటిల్లిపాదికి సరిపడా ఉంది. స్కాట్ బల్ల దగ్గర చోటు లేని మగాణ్ణి మా వీధిలో ఎవరూ లెక్కచెయ్యరు, ఆ సంగతి అతనికీ తెలుసు. ఆ గురువారం గ్లాసు పట్టుకుని తిన్నగా మా బల్ల దగ్గరికొచ్చి ఆల్విన్ కుర్చీ వీపు మీద చెయ్యేశాడు.

"ముగ్గురే ఆడుతుంటే నా ప్రాణం ఉసూరుమంటోంది. నేను కూర్చోనా?"

"ఆటొచ్చా?" అంది హెడ్విగ్, ముక్కలు కలుపుతూ.

"ఆటొచ్చా అంటుందేమిటయ్యా ఈవిడ! అమెరికావాడికీ రష్యావాడికీ స్కాట్ నేర్పిందెవరు? వాళ్ళిద్దరూ ఇవాళ కొట్టుకు చస్తున్నారంటే దేనివల్ల?"

"దేనివల్ల?" అన్నాడు లోథార్. తప్పంతా లోథార్‌దే.

"నిలబడే చెప్పు," అంది హెడ్విగ్. "కూర్చోవాలో అక్కర్లేదో నేను తర్వాత చెప్తాను."

వాల్డెమార్ బీరు ఒక గుక్క తాగి, మూతి తుడుచుకుని మొదలెట్టాడు.

"నేనేం గొప్పలు చెప్పుకోను. పొయ్యి బాగుచెయ్యడానికి వెళ్ళాను, అంతే. యుద్ధమయ్యాక వచ్చిన మొదటి చలికాలం. ఊళ్ళో ఇళ్ళకి కప్పుల్లేవు, నా కడుపులో బంగాళాదుంప తొక్కలు తప్ప ఇంకోటి లేదు. నాలుగు దేశాలవాళ్ళూ మన ఊరిని కేకు కోసినట్టు కోసుకుని, ఒక మేడలో చేరి రోజూ మంతనాలాడేవాళ్ళు కదా, అక్కడ పొయ్యి పొగ చిమ్ముతోందని నాకు కబురొచ్చింది. వెళ్ళి చూద్దును కదా, నలుగురు కల్నల్లు గుడ్లప్పగించి కూర్చున్నారు. రష్యావాడి పేరు స్యోమిన్, అమెరికావాడు టాల్మన్, ఒక ఇంగ్లీషువాడు, ఒక ఫ్రెంచివాడు. ఒకడు నోరు తెరిస్తే మిగతా ముగ్గురికీ తర్జుమా చెప్పాలి, వాళ్ళ జవాబు మళ్ళీ ఇటు తర్జుమా చెయ్యాలి. పొద్దున్న ఎవడో 'తలుపు వెయ్యండి, చలేస్తోంది' అన్నాట్ట, ఆ మాట తేలేసరికి మధ్యాహ్నమైంది, ఈలోపు సిరాబుడ్డి గడ్డకట్టింది. నాకు జాలేసింది. జేబులోంచి పేకకట్ట తీశాను."

"నీకు జాలేసిందా," అన్నాడు లోథార్.

"వెయ్యదా? వాళ్ళూ మనుషులే కదా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నేను చెప్పిన మొదటి మాట, 'అయ్యా, ఈ ఆటలో జాకీ రాజుని కొడతాడు.' అంతే! స్యోమిన్ లేచి నిలబడి టోపీ తీసేశాడు. 'మా దేశంలో మేం చేసింది అచ్చం ఇదే' అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఇంగ్లీషువాడి చేతిలో టీ కప్పు గడగడలాడిపోయింది. రాజుగారిని జాకీ కొట్టడమేమిటి, ఉండండి, లండన్‌కి ఫోన్ చేసి అడిగొస్తానని బయటికెళ్ళాడు."

"ఏమన్నారట?" అన్నాను.

"సరే అన్నార్ట, కానీ కొట్టేముందు క్షమించమని అడగాలన్నార్ట. అది కాదు అసలు సంగతి. నేను చెప్పిన రెండో మాట విను. 'వేలంపాటలో ఎవడు ఎక్కువ పాడితే వాడు చెప్పిందే తురుపు.' ఈసారి టాల్మన్ పరిగెత్తుకొచ్చి నన్ను కావిలించుకున్నాడు. 'మా దేశంలోనూ ఇంతే, ఎక్కువ పాడినవాడిదే' అన్నాడు. స్యోమిన్ మొహం మాడిపోయింది. 'అంటే ఉన్నవాడు చెప్పిందే తురుపా? అలా కుదరదు. తురుపేదో అందరూ కూర్చుని ఏకగ్రీవంగా తేల్చాలి' అన్నాడు. 'ఏకగ్రీవంగా అంటే ఎలా?' అని ఇతను. 'నేను చెప్తాను, మీరు చేతులెత్తుతారు' అని అతను. అదండీ, అక్కడ మొదలైంది! ఆ పూటదాకా ఇద్దరూ ఒకే కంచంలో తిన్నవాళ్ళు, సాయంత్రానికి ఎవడి ఉప్పుగిన్నె వాడు తెచ్చుకున్నాడు."

"ఫ్రెంచివాడో?" అంది హెడ్విగ్.

"వాడు నోరు మూసుకుని గెలుచుకున్నాడు."

లోథార్ ఇంకో బీరు తెప్పించుకున్నాడు. నేను గాజుజాడీలోంచి ఉప్పునీటిలో ఊరేసిన గుడ్డొకటి తీసుకున్నాను. బుద్ధున్నవాళ్ళెవరైనా ఆ పాటికి ఆట మొదలెట్టేవాళ్ళే, మాకే తోచలేదు.

"మొదట అగ్గిపుల్లలు పెట్టి ఆడారు. పుల్లలైపోతే సిగరెట్లు. సిగరెట్లైపోతే బొగ్గుబస్తాలు. బస్తాలూ ఐపోయాక ఏం పెట్టాలో తోచక చుట్టూ చూస్తుంటే గోడకి మన ఊరి పటం వేలాడుతోంది. ఇంకేముంది! ఒక్కో ఆటకి ఒక్కో వీధి. ఎక్కడిదాకానో ఎందుకు, మన వీధే తీసుకోండి. కాలిబాట మనది, అవతలి వరస ఇళ్ళు రష్యావాడివి. గుమ్మంలో నిలబడి తుమ్మితే తుమ్ము వేరే దేశంలో పడేది. తలకాయ ఉన్నవాడెవడైనా సరిహద్దు అలా గీస్తాడా? మన పేట ఫ్రెంచివాడి వాటా కదా, వాడు ఆ ఆటలో కాలిబాటదాకా గెలిచాడు. ఇంతలో పొయ్యిలో బొగ్గైపోయి, చేతులు కొంకర్లు పోయి, ఆట ఆపేశారు. ఇంకొక్క తట్ట బొగ్గు ఉండుంటే ఆ ఇళ్ళూ మనకే దక్కేవి!"

హెడ్విగ్ ముక్కలు కలపడం ఆపి, కిటికీలోంచి అవతలి వరస వైపు చూసింది. అక్కడ చూడ్డానికి ఇటుకలు తప్ప ఏమీ లేవు. మళ్ళీ కలపడం మొదలెట్టింది. వాల్డెమార్ ఇదేం గమనించే స్థితిలో లేడు, కుర్చీ వీపు పట్టుకుని ఊగుతున్నాడు.

"ఊరైపోయాక ఐరోపా పటం తెప్పించారు. అబ్బో, ఇక చూడాలి నా సామిరంగా! ఒక దేశం మొత్తం కళావరు తొమ్మిది మీద పోయింది, పేరు చెప్తే వాళ్ళు బాధపడతారు. ఆస్ట్రియాకి చిల్లర లేదని నలుగురూ కలిసి పదేళ్ళు బల్లమీదే ఉంచేశారు. మాస్కోనుంచి, వాషింగ్టన్‌నుంచి పెద్దపెద్దవాళ్ళు ఫోన్లు చేసేవాళ్ళు. పేర్లడక్కండి, మాటిచ్చాను. కల్నల్లతో మాట్లాడేవాళ్ళనుకున్నారా? 'ఆ పొయ్యిమేస్త్రీని పిలవండి' అనేవాళ్ళు. ఈ చెవి దగ్గర మాస్కో, ఈ చెవి దగ్గర వాషింగ్టన్. ఇద్దరూ గుసగుసగా అడిగేది ఒకటే: 'వాల్డెమార్, పెద్ద జాకీ ఇప్పుడు వేసెయ్యనా, దాచుకోనా?' దాచుకోవయ్యా అని ఇద్దరికీ చెప్పాను. ఇంతవరకూ మళ్ళీ ప్రపంచయుద్ధం రాలేదంటే ఎందుకనుకున్నారు? ఒక్కడు వచ్చి థాంక్స్ చెప్పాడా? చెప్పలేదు. నేను ఆశించనూ లేదు."

"పెద్దమనసు," అన్నాడు లోథార్.

"అది నా స్వభావం. ఆ తర్వాత ఏమైందో తెలుసా? టాల్మన్ కిటికీ తెరిస్తే ఇస్పేటు జాకీ గాలికి కొట్టుకుపోయింది. అది దొరికేదాకా ముక్క ఊరు దాటకూడదని స్యోమిన్ రోడ్లు మూయించాడు, రైళ్ళాపించాడు, కాలవల్లో పడవలు కట్టేయించాడు. టాల్మన్ మాత్రం తక్కువ తిన్నాడా? 'కొత్త జాకీని ఆకాశంలో తెప్పిస్తా, ఏం చేస్తావో చేసుకో' అన్నాడు. తీరా ఒక్క పేకముక్క కోసం విమానం వస్తే జనం నవ్విపోరూ? అందుకని పైన కాస్త బొగ్గు, పిండి, ఎండుద్రాక్ష వేసి పంపారు. తీరా చూస్తే ముక్క పెట్టడం మర్చిపోయారు. ఇంకో విమానం పంపారు. అందులోనూ మర్చిపోయారు. అలా దాదాపు ఏడాదిపాటు..."

"ఆగాగు," అన్నాడు లోథార్. "టెగెల్ విమానాశ్రయంలో ఆ విమానాల్లోంచి సరుకు దింపింది నేను. బొగ్గు తప్ప ఏమీ చూళ్ళేదు."

"ముక్క బొగ్గు కిందుంది."

"కిందా బొగ్గే."

"ఇంకా కింద," అన్నాడు వాల్డెమార్ ఓపిగ్గా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు. "జాకీ వచ్చింది, ఆట మళ్ళీ మొదలైంది. ఇక అక్కణ్ణించి దొంగచూపులు. అవతలివాడి చేతిలో ఏముందో చూడాలని ఒకడు వంటవాణ్ణి పంపితే, ఇంకొకడు పియానో బాగుచేసేవాణ్ణి పంపాడు. ఊరంతా గూఢచారులతో నిండిపోయి, చివరికి వెంబడించడానికి మామూలు మనుషులు కరువై ఒకణ్ణొకడు వెంబడించుకున్నారు. కిందనుంచి లాభం లేదని రష్యావాడు ఏకంగా ఆకాశంలోకే బంతి విసిరాడు, గుర్తుందా, బీప్ బీప్ అంటూ తిరిగింది? పైనుంచి ముక్కలు బాగా కనిపిస్తాయి. రెండోసారి కుక్కని పంపాడు."

"కుక్కకి స్కాట్ వచ్చా?" అన్నాను.

"రాదు. అందుకే దాన్ని పంపింది. చూసింది చూసినట్టు చెప్తుంది, మధ్యలో సొంత తెలివి ఉపయోగించదు. ఇక్కడ టాల్మన్ దగ్గర కుక్క లేదు కానీ, మెడ పొడుగు. ఇవతల్నుంచి వంగి అవతలి ముక్కలు చూసేవాడు. స్యోమిన్ పుస్తకం అడ్డం పెట్టాడు, లాభం లేదు. బీరువా జరిపాడు, లాభం లేదు. కిందటి వేసవిలో నన్ను పక్కకి పిలిచి, 'వాల్డెమార్, నువ్వు ఇటుక పని తెలిసినవాడివి, నా ముక్కలు వీడి కంటపడకుండా ఏదైనా దారి చెప్పు' అని బతిమాలాడు. నేనేదో మాటవరసకి అన్నాను, 'మధ్యలో ఒక గోడ కట్టుకోవయ్యా' అని."

కొట్టులో ఎవరూ నవ్వలేదు. పక్క బల్లలవాళ్ళు కూడా ఇటు తిరిగారు. వాల్డెమార్‌కి ఏదో తేడా కొట్టినట్టుంది, గ్లాసు ఎత్తి చూశాడు, అందులో బీరు లేదు. "అదీ సంగతి," అన్నాడు కాస్త గొంతు తగ్గించి. "ఇప్పుడు కూర్చోనా?"

హెడ్విగ్ పేకకట్ట అతని ముందుకు తోసింది. "నిలబడే పంచు."

అతని మొహం వెలిగిపోయింది. బొటనవేలు నాలికమీద తడుపుకుని, ముక్కల్ని ఝుమ్మనిపించి, దర్జాగా పంచడం మొదలెట్టాడు. నాకొకటి, లోథార్‌కొకటి, హెడ్విగ్‌కొకటి, తనకొకటి. మళ్ళీ నాకొకటి. కట్ట ఐపోయేదాకా ఒక్క ముక్క అటూ ఇటూ కాకుండా నలుగురికీ సమానంగా పంచి, కుప్పల అంచులు సర్ది, మావైపు చూశాడు.

స్కాట్ ముగ్గురి ఆట. నలుగురుంటే పంచేవాడు ఆ ఆటకి పక్కన కూర్చోవాలి. ముగ్గురికి పంచి, రెండు ముక్కలు బల్లమధ్యన బోర్లించాలి. తనకి ఒక్క ముక్క కూడా ఉండదు. మా వీధిలో నడక రాని పిల్లలకి కూడా ఈ సంగతి తెలుసు. లోథార్ నోరు తెరవబోతే హెడ్విగ్ వేలెత్తి ఆపింది.

"ఆ కల్నల్లకీ ఇలాగే పంచావా?"

"అచ్చం ఇలాగే. నలుగురికీ సమానంగా. న్యాయమంటే న్యాయమే కదా."

"అయితే నువ్వు చెప్పిందంతా నిజమే, వాల్డెమార్. ఇలా నేర్పితే ఎవరైనా కొట్టుకు చస్తారు." ఆమె మొహంలో నవ్వు లేదు. "నేను నమ్ముతున్నాను. ఎవర్ని తిట్టాలో తెలీక ఇన్ని నెలలూ కంచె దగ్గర నిలబడి ఆ సైనిక కుర్రాళ్ళని తిట్టాను. రేడియోని తిట్టాను. ఆదివారం చర్చిలో దేవుణ్ణి కూడా తిట్టాను. మా అన్నని నాకు కాకుండా చేసింది నువ్వన్నమాట."

వాల్డెమార్ కుర్చీ దగ్గర్నుంచి ఒకడుగు వెనక్కి వేశాడు. "అది కాదు హెడ్విగ్... అదేదో సరదాకి..."

"గోడ కట్టమన్నది నువ్వే. నీ నోటితో నువ్వే అన్నావు, ఇంతమంది విన్నారు. మా అన్నకి ఊపిరితిత్తుల్లో నెమ్ము. ఎక్కడున్నాడో తెలీదు, ఇంట్లో పొయ్యి ఉందో లేదో తెలీదు. ఆ ఇళ్ళు ఒక్క తట్ట బొగ్గు తేడాతో పోయాయన్నావు, ఆ తట్ట నువ్వెందుకు వెయ్యలేదు? పొయ్యి దగ్గరున్నది నువ్వే కదా?"

"అయ్యో, నేను కాదు! ఒట్టు, తల్లీ, నేనసలు ఆ మేడ మెట్లే ఎక్కలేదు!" అతని గొంతు కీచుగా వచ్చింది. "ఏ కల్నల్‌నీ దగ్గర్నుంచి చూళ్ళేదు. ఆ చలికాలం నేను యుద్ధఖైదీల శిబిరంలో మంచు ఎత్తిపోస్తున్నాను, కావాలంటే మా అక్కని అడుగు. నాకు స్కాట్ కూడా రాదు! గురువారం ఇంట్లో ఒక్కణ్ణే కూర్చోలేక వచ్చాను. నన్ను నమ్మకు హెడ్విగ్, నేను చెప్పేదేదీ నమ్మకు. గోడ నావల్ల కాదు."

"నువ్వు కాదా?"

"నేను కాదు."

"మరెవరు?"

వాల్డెమార్ లోథార్ వైపు చూశాడు. లోథార్ నావైపు చూశాడు. నేను రోజూ ట్రామ్ ఎక్కేముందు పేపరు మొదట్నుంచి చివరిదాకా చదివేవాణ్ణే, అయినా నాకూ తెలీదు. హెడ్విగ్ ముక్కలన్నీ పోగేసుకుని, ఆల్విన్ కుర్చీని అలాగే ఉంచి, వెనకున్న స్టూలుని కాలితో వాల్డెమార్ వైపు నెట్టింది.