అటు నాలుగు, ఇటు నాలుగు

లారీల షెడ్డు వెనక ఆఫీసు గది, మధ్యాహ్నం. కుర్చీలో ఉన్నది అక్క. షెడ్డు ఆమెదీ, ఆమె భర్తదీ. ఎదురుగా నిలబడినవాడు తమ్ముడు, విదేశాంగ శాఖలో గుమాస్తా.

"పదకొండులోంచి నాలుగు తీస్తే ఎంతరా?"

"అక్కా, ముందు నేను చెప్పేది..."

"ఎంత?"

"ఏడు."

"ఆ ఏడుగురూ ఏం పాపం చేశారు?"

"పాపమని ఎవరన్నారు? మొన్న ఫోన్లో చెప్పాను కదా. పడమర దేశంవాళ్ళు పట్టుకున్న మన డ్రైవర్లు పదకొండు మంది. తూర్పు దేశంవాళ్ళ దగ్గర నలుగురు. రేపు మన దేశాల కూటమి సమావేశం మన ఊళ్ళోనే. వాళ్ళిద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. ఒకళ్ళని పదకొండు మందిని వదలమని, ఇంకొకళ్ళని నలుగుర్నే వదలమంటే పడమరవాళ్ళు ఊరుకుంటారా? తూర్పుతో కలిసిపోయి మమ్మల్ని దొంగల్ని చేశారంటారు. అందుకని అటు నలుగురు, ఇటు నలుగురు."

"ఎక్కువ మందిని పట్టుకున్నవాడు ఎక్కువ మందిని వదలాలి. ఈ ముక్క చెప్పడానికి నోరు రాలేదా మీకు?"

"అలా అనేస్తే పని జరగదు. అందుకే ప్రకటనలో పద్ధతిగా రాశాం. సైనిక విన్యాసాల దారిలో జరిగిన ఘటన విషయంలో సంబంధిత పక్షాలన్నీ సంయమనం పాటించాలి అని."

"బావ కూడా పక్షమేనా?"

"అంటే..."

"ఉల్లిపాయల లోడు తోలుకుంటూ పోయే మనిషిరా. వాళ్ళ సైన్యాలు ఆడుకునే దారి అదని ఒక బోర్డైనా పెట్టలేదు. ఆయనేం సంయమనం పాటించాలి, హారన్ కొట్టకుండా ఉండాలా?"

"వెటకారం ఎందుకక్కా. మనింట్లో బల్బు వెలిగేది ఒకళ్ళ కరెంటుతో. నీ లారీలు తిరిగేది ఇంకొకళ్ళ డీజిలుతో. కూటమిలో అందరికన్నా చిన్నవాళ్ళం మనం. ఒకడి వైపు కాస్త ఒరిగితే రెండోవాడు నలిపేస్తాడు. నిన్న మా సారు టేపు పట్టించి ఇద్దరి కుర్చీల ఎత్తూ కొలిపించాడు, తెలుసా?"

"కుర్చీలు కొలిచారు. ఐదు నెలల్లో బావ ఎంత చిక్కిపోయాడో కొలిచారా?"

"బావ పేరు జాబితాలో ఉంది."

"ఏంటీ?"

"పడమరవాళ్ళు వదిలే నలుగురిలో బావ ఒకడు. వారం తిరక్కుండా ఇంటికొస్తాడు. ఇది చెబుదామని పరిగెత్తుకొస్తే నువ్వు గుమ్మంలోనే లెక్కలు మొదలెట్టావు. ఇదిగో, ఈ కాగితం మీద సంతకం పెట్టు."

"ఏముంది ఇందులో?"

"మామూలే. ప్రభుత్వం చేసిన ప్రయత్నం మాకు తృప్తిగా ఉంది. ఇక ధర్నాలు చెయ్యం, పేపర్లవాళ్ళతో మాట్లాడం. అంతే."

"బక్కాయన పేరుందా జాబితాలో?"

"ఆయనెవరు?"

"పదకొండులో ఒకడు. షుగరు మనిషి. మందుల్లేక కాలు పుండు పడిందని కబురొచ్చింది. ఉందా?"

"లేదు."

"కాలు కుళ్ళుతున్నవాణ్ణి వదిలేసి ఎవర్ని రాశారు? ఏ లెక్కన రాశారు?"

"పైవాళ్ళు చూసుకున్నారు."

"ఏ లెక్కన?"

"వదిలెయ్ అక్కా."

"ఏ లెక్కనరా?"

"ధర్నాలో ముందు వరసలో కూర్చునే ఇళ్ళు ఏవో చూశారు. అవి నాలుగు. ఆ నాలుగూ సద్దుమణిగితే మిగతావాళ్ళు వాళ్ళంతట వాళ్ళే చల్లబడతారని."

"అంటే నా నోట్లో గుడ్డ కుక్కడానికి నా మొగుణ్ణే తెస్తున్నారు."

"ఆయన ఇంటికొస్తున్నాడు. దానిక్కూడా తిట్టిపోస్తే ఎలా?"

"బక్కాయన పెళ్ళాం రోజూ ఈ గుమ్మం తొక్కుతుంది. ఆవిడ చూస్తుండగా బావకి అన్నం ఎలా వడ్డించమంటావు? చెప్పు. నీకు తెలివెక్కువ కదా."

"నన్నేం చెయ్యమంటావు? నేను గుమాస్తాని. వాళ్ళు చెబుతారు, నేను టైపు కొడతాను."

"ఆ జాబితా కొట్టింది నువ్వేనా?"

"నేనే. బావ పేరు తప్పు పోకుండా మూడుసార్లు సరిచూసుకున్నాను. నీకెలాగూ నమ్మకం ఉండదు."

"మిగతా ఏడు పేర్లూ వదిలేసినప్పుడు సరిచూసుకోలేదా?"

"అక్కా, దణ్ణం పెడతాను. సంతకం పెట్టు."

"ఒకటి అడుగుతా, సూటిగా చెప్పు. తూర్పువాళ్ళ దగ్గర కూడా పదకొండు మంది ఉండుంటే?"

"ఉంటే ఇంకేం. పదకొండు, పదకొండు అని అడిగేవాళ్ళం. లేరు కదా."

"ఖాయమా?"

"మా సారు నోటితో అన్న మాటే. రెండు అంకెలూ సమానమైతే ఎంతమందినైనా అడగడానికి నాకేం ఇబ్బంది అన్నాడు."

"జాబితా పైకి ఎప్పుడెళ్తుంది?"

"ఐదింటికి. అందుకే ఈ పరుగు. ఇంటి పెద్ద సంతకం కూడా కావాలన్నారు. నాన్నని పిలు."

"నాన్న లేడు."

"ఎక్కడికెళ్ళాడు?"

"బండి తీశాడు."

"బండేంటి? మోకాళ్ళు పనిచెయ్యక స్టీరింగ్ వదిలేసి ఆరేళ్ళయింది. ఎవరిచ్చారు తాళాలు?"

"నేనే."

"మతి ఉండే ఇచ్చావా? ఏ దారిన వెళ్ళాడు?"

"తూర్పు సరిహద్దు గేటు దారిన."

"పర్మిట్ ఏది? పర్మిట్ లేకుండా అడుగుపెడితే మారు మాట లేకుండా లోపలేస్తారు. అసలే రేపు సమావేశం. ఫోన్ చెయ్, వెనక్కి రమ్మను."

"పొద్దున తొమ్మిదింటికే గేటు దాటారు. అందర్నీ పట్టుకుని లోపలేశారని అక్కడి టీకొట్టాయన పదింటికి ఫోన్ చేశాడు."

"అందర్నీ ఏంటి? ఎంతమంది వెళ్ళారు?"

"మొన్న నువ్వు ఫోన్ పెట్టేశాక షెడ్డులో అందర్నీ కూర్చోబెట్టి అడిగాను, ఎవరు వెళ్తారని. ముందు లేచింది నాన్నే. నీ ఉద్యోగానికి మాటొస్తుందని నీకు చెప్పొద్దన్నాడు."

"అక్కా, ఎంతమంది?"

"ఏడు బండ్లు, బండికొక మనిషి. ఇప్పుడు అటూ పదకొండే, ఇటూ పదకొండే. వెళ్ళి కొత్త జాబితా కొట్టు. తూర్పు వైపు ఐదో పేరు నాన్నది."