మొదటాట దెయ్యం

తగరపువలసలో దెయ్యాల సినిమా మ్యాట్నీ చూసొచ్చి ఇద్దరు స్నేహితులు టీ తాగుతున్నారు.

“ఇదేటి దెయ్యం బావా! తొంభై రెండులో మా అద్దింటి డాబా మీద నాను నిజం దెయ్యాన్నే సూసినాను. పక్కనే పైకప్పు లేని టాకీసు. మొదటాట ఎయ్యగానే తెల్ల దుప్పటి కప్పుకుని పిట్టగోడ మీద కూకునీది.”

“టాకీసు పక్క పచ్చమేడా?”

“అదే. మా నాన్న సనిపోయిన ఏడాదే అది. ఆయన సినిమా పిచ్చోడు కదా, ఆయనే వచ్చేడని అమ్మ మెట్ల మీద అన్నం, రొయ్యల ఏపుడు పెట్టీది. ఆట అయ్యేసరికి పళ్లెం ఖాళీ!”

“బావా... అది నానే. టికెట్టు కొనలేక, మంచుకి దుప్పటి కప్పుకుని గోడెక్కి సూసీవోడ్ని. అన్నమూ నానే తిన్నాను.”

“ఓరి నాయనో! నువ్వా?”

“ఇప్పుడే వచ్చి మీ అమ్మ కాళ్లట్టుకుంటాను.”

“వద్దు, సెప్పకు. ఆ ఖాళీ పళ్లెం సూసినాకే అమ్మ మళ్లీ అన్నం ముట్టింది.”